ఖాళీ హుక్కు పరీక్ష

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి. అటక మీద పాత చీరలో చుట్టి పెట్టిన ఒక మోడల్ హెలికాప్టర్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఒక ఫ్లైబార్‌లెస్ కంట్రోలర్. రెండు ఆదివారాలు. రిమోట్ ముట్టుకోక ఎనిమిది నెలలైన ఒక బావ. ఈ పని ససేమిరా ఇష్టం లేని ఒక అప్ప, అంటే మా అక్క.

బావ పేరు చలమయ్య. పోర్టులో ముప్ఫై ఒక్క ఏళ్ళు క్రేన్ నడిపాడు. ఓ ఓడ ఇంజనీరు వెళ్ళిపోతూ ఇచ్చిన విరిగిన హెలికాప్టర్‌తో ఆయనకి ఈ పిచ్చి పట్టుకుంది. ఆదివారం వస్తే అదే లోకం. రిటైరైన రెండో ఏడు కుడిచేయి వణకడం మొదలైంది. మందులు వణుకుని పెరగనివ్వవు గానీ పూర్తిగా పోనివ్వవు అన్నాడు డాక్టరు. ఆఖరిసారి ఎగరేసినప్పుడు హెలికాప్టర్ కంచెకి తగిలింది. ఇంటికొచ్చి తనే చీర అడిగి చుట్టబెట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్కటీ మానేశాడు. స్కూటర్ తాళాలు అప్పకిచ్చేశాడు. సంతకం పెట్టాల్సి వస్తుందని బ్యాంకుకి వెళ్ళడం మానేశాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు.

గాజువాకలో నాది బేరింగుల కొట్టు. తిప్పకుండా ఉంచిన బేరింగు మన ఊరి ఉప్పుగాలికి ఆరు నెలల్లో పట్టేస్తుంది. బావని చూస్తే నాకదే భయం.

నా కొట్టుకొచ్చే ఉమాశంకర్ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. అతనిదీ ఇదే సరదా. ఒకరోజు మాటల్లో చెప్పాడు. పాత హెలికాప్టర్ల రెక్కల మీద ఫ్లైబార్ అని ఒక కడ్డీ, దాని రెండు చివర్లా చిన్న తెడ్లు ఉంటాయట. హెలికాప్టర్ ఊగకుండా ఆపేది అదేనట. ఇప్పుడు ఆ కడ్డీ తీసేసి, వంపుని కనిపెట్టే చిన్న పెట్టె పెడుతున్నారట. స్టిక్కు మధ్యలో చేయి కాస్త అటూ ఇటూ అయితే లెక్కచేయవద్దని ఆ పెట్టెకి చెప్పవచ్చట. ఆ ఆఖరి మాట దగ్గర నేను లేచి నిలబడ్డాను. అతని దగ్గర వాడకుండా పడి ఉన్న పెట్టెని ఆ సాయంత్రమే తెచ్చుకున్నాను.

అప్ప ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది.

"ఒక్కపాలి. ఒక్కపాలే," అంది ఈశ్వరప్ప. "అది కింద పడినా, ఎవులికి గీరుకున్నా, సోమారం పాతసామాన్లోడికి ఇచ్చీడమే. మరింక మీ బావ దగ్గిర ఆ మాటెత్తకు. ఇంకోపాలి పడితే ఆ మనిషి లెగడు, నాను సెప్తన్నాను."

అదీ పందెం. హెలికాప్టర్ పోతే ఇంకోటి దొరుకుతుంది. బావ రెండోసారి ఒళ్ళో చేతులు పెట్టుకుంటే మళ్ళీ తీయడు.

మొదటి ఆదివారం కొట్లో షట్టరు సగం దించి కూర్చున్నాం. చిన్న మరలు బావ చేతికి లొంగవు కనుక పని నాది, మాట ఆయనది.

"ముందు రెక్కలు తియ్యి," అన్నాడు. "మోటారు వైర్లు మూడూ పీకు. అప్పుడే బేటరీ ముట్టుకో."

"రెక్కలు తీసేసేక ఇంక మోటారు తిరిగితే ఏటి బావా?"

"పళ్ళసక్రంలో నీ ఏలు పెడితే తెలుస్తది ఏటో."

పీకాను. ఫ్లైబార్ కడ్డీ విప్పి బల్ల మీద పెడితే బావ దాన్ని చేత్తో ఒకసారి తడిమి పక్కకి జరిపాడు. ఇక పెట్టె అతికించాలి. ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. మా కొట్టు గోడ మీద స్విచ్చుబోర్డు తప్ప, కరెంటుతో పని ఉన్న ప్రతిదీ వైర్లు దూరే మూతి కిందికి పెట్టి బిగిస్తాం. మూతి పైకి ఉంటే ఉప్పుచెమ్మ దిగి పిన్నులు పచ్చబడిపోతాయి. ఇరవై ఏళ్ళుగా చేతికి అదే తెలుసు. బాణం గుర్తు హెలికాప్టర్ ముక్కువైపు ఉండాలని కాగితంలో రాసి ఉంది. అలాగే ఉంచి, పెట్టెని హెలికాప్టర్ లోపలి పలక అడుగున బోర్లా అతికించాను. కుదురుగా ఉందని మురిసిపోయాను కూడా.

రెక్కల కింద స్వాష్‌ప్లేట్ అని ఒక పళ్ళెం ఉంటుంది. అది ఎటు వాలితే హెలికాప్టర్ అటు వాలుతుంది. మూడు చిన్న సర్వో మోటార్లు దాన్ని కదుపుతాయి. స్టిక్కు మధ్యలో ఉన్నప్పుడు పళ్ళెం సమంగా ఉండాలి, రెక్కల వాలు సున్నా చూపాలి. కడ్డీల పొడవు అరచుట్టు అరచుట్టు మార్చుకుంటూ దాన్ని సమానానికి తేవడానికే మధ్యాహ్నమైంది. తర్వాత ఫోన్లో పెట్టె అడిగినవన్నీ నింపాం. స్టిక్కు మధ్యలో ఎంత కదలికని మెత్తబరచాలో బావే చెప్పాడు. "ఇంకాస్త... ఇంకాస్త" అంటూ తన చేతి వణుకుని తనే కొలుచుకున్నాడు.

ఆఖరిది దిద్దుబాటు పరీక్ష. హెలికాప్టర్‌ని చేత్తో కుడిపక్కకి వంచితే పళ్ళెం ఎడమకి వాలాలి. అంటే పడబోయేదాన్ని పెట్టె నిలబెడుతోందన్నమాట. అది కూడా కుడికే వాలితే, పడిపోయేదాన్ని ఇంకా తోస్తున్నట్టు. కుడికి వంచాను. పళ్ళెం ఎడమకి వాలింది. ఎడమకి వంచితే కుడికి వాలింది.

"ముందుకీ ఎనక్కీ?" అన్నాడు బావ.

"ఒకటి సరైతే అన్నీ సరే బావా. బేరింగుల పెట్టె వస్తే నాను ఒక్కటే తిప్పి సూత్తాను."

అప్ప భోజనానికి ఫోన్ చేసింది. బావ అలిసిపోయి ఉన్నాడు. షట్టరు దించేశాను.

రెండో ఆదివారం పొద్దున్నే పద్మనాభం వెళ్ళాం. ఊళ్ళో ఆకాశం మనది కాదు. నేవీది, ఎయిర్‌పోర్టుది. పద్మనాభంలో మా పిన్ని చిలకమ్మకి ఎకరం పొలం ఉంది. కోత అయిపోయి మోళ్ళు మాత్రం ఉన్నాయి. హెలికాప్టర్ ఉండే చోటు నుంచి ముప్ఫై అంగలు కొలిచి ముగ్గుపిండితో గీత గీశాను. అప్ప క్యారేజీ పట్టుకుని గీత వెనకాల చాప వేసుకుంది.

"ఈడ నుండి నాకేటి అగుపిస్తది," అంది చిలకమ్మ పిన్ని గీత దాటుతూ. "కూసింత దగ్గిరికి ఒగ్గు బాబూ."

"పిన్నీ, ఆ రెక్కలు నిమిషానికి రెండు వేల సుట్లు తిరుగుతాయి. గీత అవతలే ఉండు."

"మా వరి మిల్లు పట్టా కూడా తిరుగుతాది. నాను పక్కనే కూకుంటాను."

"ఓ పిన్నీ, ఇటు రా," అంది అప్ప. "అది తెగితే మిల్లు పట్టాలాగ మెత్తగుండదట."

పిన్ని గొణుక్కుంటూ చాప మీద కూలబడింది.

మోటారు వైర్లు కలిపి రెక్కలు బిగించాను. రిమోట్‌లో థ్రాటిల్ హోల్డ్ వేశామని, అంటే మోటారు తిరగదని, బావ రెండుసార్లు చూసుకున్నాడు. అప్పుడు బేటరీ కలిపాను. పెట్టె తనని తాను సర్దుకునేదాకా ఎవరూ హెలికాప్టర్‌ని తాకలేదు. దీపం పచ్చగా వెలిగింది. బావ కుడిచేయి రిమోట్ మీద వణుకుతూనే ఉంది. నేను వెనక్కి నడవబోయాను.

"ఆగు," అన్నాడు. "ఎత్తి ఒంచి సూపించు."

"పోయినారం సూసేం కదా."

"పోయినారం సూసింది పోయినారానికి. ముప్పై ఏళ్ళు ఏ డ్యూటీ ఎక్కినా మొదటి పని ఖాళీ హుక్కు. పైకి, కిందికి, అటు, ఇటు, ముందుకి, ఎనక్కి. ముందు డ్యూటీవోడు బాగుందని రాసిపెట్టినా అంతే. ఒక్కటి ఒగ్గీసినా బరువు ఎత్తకూడదు."

ఎండ ఎక్కుతోంది. విసుగొచ్చినా ఎత్తాను. కుడికి వంచాను. పళ్ళెం ఎడమకి వాలింది. సరే. ముక్కు కిందికి వంచాను. పళ్ళెం కూడా ముక్కువైపే వంగింది.

"మళ్ళీ," అన్నాడు బావ.

మళ్ళీ వంచాను. మళ్ళీ అటే వంగింది. హోల్డ్ తీసి లేపి ఉంటే, నేలని వదలకముందే ముక్కు గుద్దుకునేది. రెండు వేల చుట్లు తిరిగే కార్బన్ రెక్కలు ముక్కలై ఎగిరేవి. అవి ముగ్గు గీత దగ్గర ఆగాలని ఎక్కడా లేదు. బేటరీ పీకమన్నాడు బావ. పీకాను.

"పెట్టెని ఎలగ అతికించేవు?"

"మూతి కిందికి."

"మరి దానికి సెప్పేవా?"

"దానికేటి సెప్పాలి?"

"నువ్వు బోర్లా ఉన్నావని."

చెప్పలేదు. బాణం ముందుకే ఉంది కదా అనుకున్నాను. బాణం ముందుకే ఉంచి పక్కకి పొర్లించాను కనుక పెట్టెకి పక్కవాలు లెక్క మారలేదు. ముందువెనకల లెక్క, తోక తిరిగే లెక్క తిరగబడ్డాయి. నేను కొట్లో చూసింది ఆ మారని ఒక్కదాన్నే.

"ఏటాగిపోయేరు?" అని అరిచింది అప్ప.

"మీ తమ్ముడు పెట్టెని బోర్ల పెట్టేడు," అన్నాడు బావ.

"ఇంకా నయం. నిన్ను బోర్ల పెట్టలేదు."

బావ నవ్వాడు. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రెక్కలు మళ్ళీ విప్పి, మోటారు వైర్లు పీకి, బేటరీ కలిపి, ఫోన్లో పెట్టె పెట్టిన తీరుని "తలకిందులు" అని మార్చాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే అన్నీ చూశాను. ముక్కు వంచితే పళ్ళెం వెనక్కి వాలింది. తోక వంచితే ముందుకి వాలింది. పక్కలు సరే. ముక్కుని ఎడమకి తిప్పితే తోక రెక్కలు దాన్ని కుడికి తెచ్చేలా మళ్ళాయి. స్టిక్కుతో కూడా ఒక్కొక్కటీ కదిపి చూశాం. అప్పుడు బేటరీ పీకి, మోటారు వైర్లు కలిపి, రెక్కలు బిగించి, మరలు మరోసారి పట్టి చూసి, హోల్డ్ ఉండగానే బేటరీ కలిపి, గీత వెనక్కి వచ్చేశాను. బావ గీతకి ఇవతలే నిలబడి హోల్డ్ తీశాడు.

రెక్కలు నెమ్మదిగా మొదలై, చూస్తుండగానే ఒక పలచని బిళ్ళలా అయిపోయాయి. నేల మీద ఉన్నప్పుడు పళ్ళెం కాస్త వాలినట్టు కనపడింది. "దిద్దు బావా" అందామని నోరు తెరిచాను. ఆయన దిద్దలేదు. నేల మీద స్టిక్కుతో దిద్దితే పెట్టె ఆ తప్పుని పోగేసుకుని లేవగానే తోసేస్తుందని తర్వాత చెప్పాడు. ఒక్క ఊపున, తడబడకుండా మోకాలెత్తుకి లేపాడు. అక్కడే ఆపాడు.

ఆయన బొటనవేలు వణుకుతూనే ఉంది. హెలికాప్టర్ వణకలేదు.

తలెత్తుకి తీసుకెళ్ళాడు. కుడికి, ఎడమకి, ముందుకి, వెనక్కి నడిపాడు. నాలుగు నిమిషాలకి రిమోట్ కూయగానే మోళ్ళ మధ్యన కొంగ వాలినట్టు దించి హోల్డ్ వేశాడు. రెక్కలు పూర్తిగా ఆగేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు.

చిలకమ్మ పిన్ని నోరు మూసుకోవడం మరిచిపోయింది. అప్ప క్యారేజీ మూత తీస్తూ తలెత్తకుండానే అడిగింది.

"బేటరీలు ఇంకా ఉన్నాయా?"

"రెండున్నాయి."

"మరేటి సూత్తన్నారు? అన్నం సల్లారితే నాను మళ్ళీ ఏడి సేసీలేను. కానీండి."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకోవడం నేను చూశాను. ఎండ అనుకున్నట్టు ఊరుకున్నాను.

ఇదీ ఆనాటి లెక్క. ఎగిరినవి మూడు, దిగినవి మూడు. విరిగింది లేదు, తెగింది లేదు. నలుగురం ఎన్ని వేళ్ళతో వచ్చామో అన్ని వేళ్ళతో ఇంటికెళ్ళాం. నా తప్పు ఒకటి, రెక్కలు తిరగకముందే దొరికింది. పద్మనాభం నుంచి గాజువాక దాకా తోక ఒక పిసరు మందకొడిగా తిరుగుతోందని, వచ్చే ఆదివారం ఏం మార్చాలని, బావ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు, రెండు చేతులూ గాల్లో తిప్పుతూ.