మాస్టారి మీట

మాస్టారు పిపెట్‌తో పళ్లెంలోని చిన్న చిన్న బావుల్లోకి రసాయనం వదులుతున్నారు. పెదవి ఓ పక్కకి వంకరపోయింది. అది పనిలో శ్రద్ధ కాదు, పక్క బల్లల వాళ్ల మీద చిన్నచూపు. రేపు పదవీ విరమణ. ల్యాబులో ఆయనకి లోకువ కానిది ఫ్రిజ్ ఒక్కటే, అది నోరెత్తదు కాబట్టి.

ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ ఉంటాయి. ఏది ఎప్పుడు పనిచెయ్యాలో దాని ముందుండే ప్రమోటర్ అనే మీట చెబుతుంది. ఒంటికి కాపలా కాసే కణాల్లో, రోగక్రిమి లాంటి శత్రువు లేకపోయినా ఆ మీట నొక్కే డీఎన్ఏ ముక్కని కనిపెట్టానని మాస్టారి నమ్మకం. దానికి మిణుగురు పురుగు జన్యువు తగిలించి కణాల్లోకి పంపితే వెలిగేవి. శత్రువు లేనిదే కాపలా కణం లేవదన్నవాళ్లంతా ఆయనకి గొర్రెలు. పేరూ హోదా ఈ పొగరూ, అన్నీ ఆ వెలుగు పెట్టిన భిక్షే.

భార్య ఫోన్ చేసింది.

“రేపు మీ వీడ్కోలు సభకి మా అన్నయ్యా వాళ్లూ వస్తారట.”

“రమ్మను. అర్థం కాకపోయినా చప్పట్లు కొడతారుగా.”

ఆ డీఎన్ఏని బ్యాక్టీరియాలో పెంచి, కడిగి తియ్యాలి. అందరూ బజార్లో దొరికే రెడీమేడ్ కిట్‌తో కడుగుతారు. మాస్టారిది పాత పద్ధతి. కిట్లు చేతకానివాళ్లకని ఈసడింపు. ఒకప్పటి శిష్యురాలు, ఇప్పుడు ల్యాబు పెద్ద, నిన్న అదే ముక్కని కిట్‌తో కడిగి తెచ్చింది. ఆమె పరువు తీద్దామని ఆయనే స్వయంగా సగం బావుల్లో అది, మిగతా సగంలో తనది పోశారు.

మెషీన్ అంకెలు చూపించింది. ఆయనవి వెలిగాయి. ఆమెవి చీకటి.

“కడగడం కూడా నేర్చుకోలేదా?”

“పోసింది మీరే కదా మాస్టారూ. మీ దాంట్లో బ్యాక్టీరియా మడ్డి మిగిలిపోతోందేమో. కణాలు దాన్ని చూసి లేస్తున్నాయేమో.”

“నాకే పాఠాలా? వెళ్లమ్మా, వెళ్లు.”

ఆమె వెళ్లాక, ఆమె డీఎన్ఏ పోసిన ఇంకో పళ్లెం తీశారు. సగం బావుల్లో చచ్చిన బ్యాక్టీరియా మడ్డి చుక్క వేశారు. సాయంత్రానికి ఆ సగమే వెలిగింది. ఇన్నేళ్లూ మీట నొక్కింది ఆయన ముక్క కాదు, ఆయన కడగలేకపోయిన మురికి. మాస్టారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పళ్లెం చెత్తబుట్టలో పారేస్తే రేపు చప్పట్లు ఎక్కడికీ పోవు. చాలాసేపు చెత్తబుట్ట పక్కనే నిలబడ్డారు.

మర్నాడు బావమరిది ముందు వరసలో కూర్చుని ఎదురుచూశాడు. మాస్టారు రాలేదు. ఇక ఆ ల్యాబుకి ఎప్పుడూ రాలేదు.

శిష్యురాలి బల్ల మీద, ఐసు కరిగిపోయిన డబ్బాలో, కిట్‌తో కడిగిన ఆ డీఎన్ఏ ఉన్న చిన్న ట్యూబు తేలుతోంది. మూత మీద ఆయన చేతిరాత: “వెలగదు.”