నూట పదిహేడో కార్డు

సుధాకరరావు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, తెర మీద ఒక్కో పదం కింద వేలు జరుపుతూ చదువుతున్నాడు. తెనాలి ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన అలవాటు సింగపూర్‌లో పాయా లేబర్ అనే పేటలోని ఈ ఆఫీసులోనూ పోలేదు.

డాట్‌కామ్ అంటే చాలు ఉద్యోగమిచ్చే రోజులు. అమెరికా ఆటగాళ్ళ వెబ్‌సైటులో తప్పులు దిద్దడం ఆయన పని. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకు ఫుట్‌బాల్ అని పేరేమిటో బోధపడక, మొదటి వారం ‘పట్టుకున్నాడు’ అన్నచోటల్లా ‘తన్నాడు’ అని దిద్ది చీవాట్లు తిన్నాడు.

ఇవాళ్టి పేజీ డ్వేన్ హార్కర్‌ది. పదకొండేళ్ళు ఆడినా బంతి ముట్టుకోని మనిషి. బంతి పట్టినవాడికి ముందుండి దారి చేయడమే అతని వంతు. మోకాలు పోయాక జట్టు పొమ్మంది. సొంత ఊరు మాత్రం అతని చొక్కాను బడి గోడకు తగిలించి, ఆ అరవై నాలుగో నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు. తప్పేమీ లేకపోయినా ఆ వాక్యాన్ని సుధాకరరావు రెండుసార్లు చదివాడు.

పక్క కుర్చీలో అనిరుధ్, మేనేజర్ శశికాంత్ బావమరిది. నెల్లాళ్ళుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాడు.

శశికాంత్ సింగపూర్ వచ్చిన కొత్తలో ఆర్నెల్లు జురాంగ్ వెస్ట్‌లో సుధాకరరావు ఇంట్లోనే తిన్నాడు. ఈ కంపెనీలో చేర్పించిందీ ఆయనే. మేనేజరయ్యాక ‘బాబాయ్’ పోయి ‘సుధాకర్ గారూ’ వచ్చింది. ఇవాళ భోజనాలయ్యాక మళ్ళీ బాబాయ్ అనేసరికి ఆయన తెర మీంచి వేలు తీసేశాడు.

“బాబాయ్, హెడ్డాఫీసోళ్ళు నీ పోస్టు కట్ చేశారు. నాకూ పొద్దున్నే తెలిసింది, నమ్ము.”

“మా అమ్మాయి పరీక్షలకు ఇంకా రెండు నెల్లుందిరా. ఉద్యోగంతో పాటు ఈ దేశంలో ఉండనిచ్చే పాసూ పోతే భువననేం చెయ్యను?”

“నా చేతుల్లో లేదు. నీ ఐడీ కార్డు రిసెప్షన్‌లో ఇచ్చెయ్.”

సుధాకరరావు హార్కర్ పేజీ పూర్తి చేసే లేచాడు.

రిసెప్షన్ అమ్మాయి కార్డు తీసుకుని, సొరుగులోంచి అంటించే చీటీ తీసింది. ముందే అచ్చయి ఉంది. అనిరుధ్, నూట పదిహేడు. తన కార్డు నంబరే. కింద తేదీ, పోయిన నెల ఒకటి.

“ఈ తేదీ సరిగ్గానే ఉందామ్మా?”

“కరెక్ట్ లా, అంకుల్,” అందా అమ్మాయి సింగపూర్ యాసలో.

నెల్లాళ్ళు తన నోటితోనే నేర్పించుకున్నారన్నమాట. ఫ్లాటుకు వాసాలుండవు గానీ, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళకు అదేం అడ్డు? ఆయన లిఫ్టెక్కాడు.

కౌంటరు మీద కార్డు ఉండిపోయింది. ఆయన ఫొటో మీద చీటీ వంకరగా అంటుకుంది. దాని పైఅంచున, నుదుటి మీదికి నెట్టిన కళ్ళద్దాలు మాత్రం కనిపిస్తున్నాయి.