గొర్రెలు వదిలే మనిషి

నోలీన్ టెయిట్ పొలానికీ ఇర్విన్ పొలానికీ మధ్య ఒకటే కంచె. ముప్పై ఏళ్ళుగా కుక్కల పోటీలకు ఇద్దరూ ఒకే బండిలో వెళ్ళేవాళ్ళు. ఈ ఏడు ఫిబ్రవరి నుంచి ఒకే మట్టిరోడ్డు మీద రెండు బండ్లు వెళ్ళడం మొదలైంది. ముందు బండి నోలీన్‌ది. వెనక దుమ్ము తినేది ఇర్విన్.

ఇదంతా ఒక గొర్రె వల్ల వచ్చింది.

పోటీలో కొండ పైనున్న దొడ్డిలోంచి మూడు గొర్రెల్ని వదులుతారు. మనిషి కిందే నిలబడి ఈల వేస్తాడు. కుక్క చుట్టూ తిరిగి పైకి వెళ్ళి, మొరగకుండా, కరవకుండా, చూపుతోనే వాటిని దించుకు రావాలి. పైన గొర్రెలు వదిలే పని పోటీదార్లే వంతులవారీగా చేస్తారు. అంటే మన గొర్రెలు మనతో పోటీపడేవాడి చేతిలోనే ఉంటాయన్నమాట. మోసం ఎవరూ చెయ్యరు. చేసినా కింద ఉన్నవాళ్ళకు కనబడదు.

ఫిబ్రవరిలో నోలీన్ కుక్క డాట్ పరుగెత్తినప్పుడు పైన ఉన్నది ఇర్విన్. మూడింట్లో ఒక గొర్రె ఒకటే ఎడమకు పారిపోయింది. డాట్ తెచ్చి కలపడం, అది మళ్ళీ పారిపోవడం. అలాగే సమయం అయిపోయింది. తర్వాత నోలీన్ వెళ్ళి చూస్తే ఆ గొర్రె ఎడమ కన్ను ఉడికించిన గుడ్డులా తెల్లగా ఉంది. అదే వైపు చెవి చిరిగి ఉంది.

“చూడలేదు నోలీన్, ఒట్టు,” అన్నాడు ఇర్విన్.

“రెండు కళ్ళున్నవాడివి, ఒంటికన్ను గొర్రె కనబడలేదా? ఎవరి చెవిలో పూలు పెడతావయ్యా?”

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం నోలీన్‌కు చేతకాదు. మార్చి అంతా, ఏప్రిల్ అంతా, ఏ పోటీకి వెళ్ళినా టీ షెడ్డులో స్కోన్ రొట్టె చేతికి రాగానే ఆ గొర్రె కథ ఎత్తుకునేది. చెప్పిన ప్రతిసారీ ఇర్విన్ ఒక పిసరు ఎక్కువ దుర్మార్గుడయ్యేవాడు. అతను తన కప్పు పట్టుకుని బయట నిలబడి తాగేవాడు.

ఆమె కడుపుమంటకు కారణం లేకపోలేదు. డాట్‌కు పదేళ్ళు. పొద్దున్నే లేవాలంటే తుంటి పట్టేస్తోంది. వచ్చే ఏడు ఇక పరుగు లేదు. వాళ్ళ ద్వీపం మొత్తానికీ జరిగే చాంపియన్‌షిప్‌కు వెళ్ళాలంటే ఏడాదిలో ఆరు పాయింట్లు రావాలి. డాట్‌కు రెండుసార్లు ఐదు దగ్గరే ఆగిపోయాయి. నోలీన్ రెండో కుక్క స్పడ్ మీద ఎవరికీ ఆశల్లేవు. అది మొరిగి గొర్రెల్ని కొండెక్కించే జాతి. ఈస్టర్ పోటీలో గొర్రెల్ని వదిలేసి జడ్జి కారు మీద మొరిగి వచ్చింది.

మేలో ఆఖరి పోటీ సొంత ఊరి కొండ మీద జరిగింది. అప్పటికి డాట్‌కు మళ్ళీ ఐదే పాయింట్లు. ఆ రోజు తొంభై మూడు మార్కులతో ఐదో స్థానంలో నిలబడింది. ఐదో స్థానానికి ఒక పాయింటు. ఇక మిగిలింది ఇర్విన్ ఒక్కడే. అతని కుక్క క్లైడ్‌కు కావలసిన పాయింట్లు ఈస్టర్‌కే వచ్చేశాయి. పైన గొర్రెలు వదిలే వంతు నోలీన్‌ది.

పోటీల కార్యదర్శి ఇబ్బందిగా తల గోక్కున్నాడు. “వేరే ఎవరినైనా పైకి పంపనా, ఇర్విన్?”

“ఎందుకూ? వంతు ఆమెది. ఆమెనే వెళ్ళనీ.”

ఆ మాట నోలీన్ వింది. విననట్టు కొండెక్కింది.

పైన ఈదురుగాలి. గొర్రెలన్నీ దొడ్డి మూలకు తలలు దూర్చి నిలబడ్డాయి. ఆమె మూడింటిని వెనక నుంచి మోకాలితో నెట్టి వదిలింది. క్లైడ్ అప్పటికే కుడివైపు నుంచి వస్తోంది. రెండు గొర్రెలు తిన్నగా నడిచాయి. మూడోది ఎడమకు తిరిగి ముళ్ళపొదల్లోకి పరుగు తీసింది. చెవి చిరిగి ఉంది.

ఫిబ్రవరి నాటి గుడ్డి గొర్రె ఈ మందలోనూ ఉంటుందని ఆమెకు తట్టనేలేదు. దాని ముఖం ఆమె చూడలేదు. దొడ్డిలో మనిషికి కనబడేది తోకలూ ఉన్నీ మాత్రమే. ఇర్విన్‌కూ అవే కనబడి ఉంటాయి. మూడు నెలలుగా తను అన్న మాటలన్నీ నోలీన్‌కు ఒక్కసారి గుర్తొచ్చాయి.

గొర్రెలో లోపం ఉంటే ఎత్తడానికి కంచెకు ఒక తెల్ల జెండా కట్టి ఉంది. ఎత్తితే వేరే గొర్రెలతో పరుగు మళ్ళీ మొదలవుతుంది. ఎత్తకపోతే ఎవరికీ తెలియదు, డాట్ చాంపియన్‌షిప్‌కు వెళ్తుంది. కింద బండిలో డాట్ పడుకుని ఉంది. నోలీన్ ఇటు చూసి అటు చూసి, ఒక బూతు మాట అనుకుని, జెండా ఎత్తింది. ఎత్తుతూ ఏడ్చింది.

ఇర్విన్ క్లైడ్‌ను వెనక్కి పిలిచాడు. నోలీన్ ఈసారి గడ్డం పట్టుకుని ఒక్కొక్క గొర్రె కళ్ళలోకీ చూసి మరో మూడింటిని వదిలింది. ఇర్విన్ జాలిపడి కావాలని ఓడిపోలేదు. ఓడిపోయి ఉంటే ఆమె జన్మలో క్షమించేది కాదు. క్లైడ్‌కు తొంభై మూడున్నర వచ్చింది. డాట్ ఆరో స్థానానికి జారింది.

ఆమె దిగి తిన్నగా టీ షెడ్డులోకి వెళ్ళింది. ఏ మనుషుల ముందు అన్నదో ఆ మనుషుల ముందే గట్టిగా చెప్పింది. “ఆ గొర్రెను ఇవాళ నేనే వదిలాను. నాకూ కనబడలేదు. ఇర్విన్‌ను నేను అన్నవన్నీ అబద్ధం. తప్పు నాది.”

గుమ్మం దగ్గర ఇర్విన్ చెవులు ఎర్రబడ్డాయి. “సరేలే. ఆ గొర్రె ఇంకా ముళ్ళపొదల్లోనే ఉంది. ఎవరు తెస్తారు? క్లైడ్ వల్ల కాదు.”

నోలీన్ బయటికి వచ్చి బండి వెనక తలుపు దించి ఈల వేసింది. డాట్ కుంటుతూ దిగింది, నాలుగడుగుల తర్వాత కుంటడం మరచిపోయింది. ఒంటరి గొర్రెను తేవడం అన్నిటికన్నా కష్టం. కుక్క గుడ్డివైపు నుంచి పోతే అది బెదిరి పారిపోతుంది. డాట్ ఆ సంగతి ఫిబ్రవరిలోనే నేర్చుకున్నట్టుంది. ఈల కోసం చూడకుండా మంచి కన్నున్న వైపుకు వెళ్ళి, గొర్రెకు తను కనబడేలా నిలబడి, అడుగులో అడుగు వేస్తూ కిందికి తెచ్చింది. షెడ్డులో వాళ్ళంతా కప్పులు పట్టుకుని బయటికొచ్చారు. జడ్జి మార్కుల పుస్తకం మూసేశాడు, నిలబడి చూశాడు. ఇర్విన్ వెళ్ళి దొడ్డి తలుపు తీసి పట్టుకున్నాడు.

తలుపు గొళ్ళెం వేసి అన్నాడు. “చాంపియన్‌షిప్‌లో గొర్రెలు వదలడానికి మనుషులు కావాలట. నీ పేరిస్తున్నాను.”

“నా పేరా? ఇంత జరిగాకా?”

“ఇంత జరిగింది కాబట్టే. ఇక నీ అంత జాగ్రత్తగా కళ్ళు చూసేవాళ్ళెవరు? ఇద్దరం ఒకే బండిలో పోదాం. నీ దుమ్ము తినలేక చస్తున్నాను.”

నోలీన్ ముక్కు తుడుచుకుంది. “డాట్‌ను ఇంట్లో వదిలి రాను.”

“వదలమన్నదెవరు? ముందు సీటు దానిదే. నువ్వు వెనక కూర్చో, స్పడ్‌తో.”