నిలువు గీత మింగిన పాటలు

నేను ఒక ఫారాన్ని. ఆఫీసు కిటికీ ముందు నిలబడి, పక్కవాళ్ల పెన్ను అరువడిగి మీరు నింపే కాగితం ఫారాలు మా పెద్ద తరం వాళ్లు. నేను తెర మీద పుట్టాను. 'పాటల గంప' అనే వికీలో నా కాపురం. వికీ అంటే ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల పుస్తకం. మాట వరకు బాగానే ఉంటుంది. తీరా దిద్దుదామని పేజీ లోపలికి తొంగి చూసినవాళ్లకు మీసాల బ్రాకెట్లు, సున్నాలు, గీతలు ఎదురై గుండె జారిపోతుంది. అందరూ రాయవచ్చునని బోర్డు పెట్టి, ఎవరికీ అర్థం కాని లిపిని గుమ్మంలో కాపలా పెట్టడం మనుషులకే చెల్లింది.

ఆ బెదురు తీర్చడానికి నన్ను చేసినవాడు నజీర్ సార్. జగిత్యాలలో పాలిటెక్నిక్ పిల్లలకు కంప్యూటర్ చెప్తాడు. పల్లె ఆడవాళ్ల పాటలంటే ఆయనకు ప్రాణం. ఒక వేసవి సెలవుల్లో ఇంట్లోవాళ్లు మామిడికాయ ముక్కలు కోస్తుంటే, ఆయన పక్కనే కూర్చుని నాకు గళ్లు గీశాడు. నా పని తేలిక. మీరు గళ్లలో రాసినదాన్ని మూటకట్టి పేజీకి అందిస్తాను. మళ్లీ దిద్దాలంటే పేజీలో ఉన్నదాన్ని తెచ్చి గళ్లలో సర్దిపెడతాను. లోపలి లిపి మీకు కనబడనివ్వను.

నన్ను అందరికంటే ఎక్కువగా వాడిన మనిషి విమల. మెట్‌పల్లి బస్టాండు ఎదురుగా ఆమెకు డీటీపీ షాపు ఉంది. పెండ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, అమ్మకానికి ఇల్లు అనే బోర్డులు, అన్నీ ఆమె వేళ్ల మీదుగానే పోతాయి. ఆమె పెద్దవ్వ, అంటే తల్లికి అక్క, బూదవ్వ. బీడీలు చుట్టే ఆడవాళ్లలో బూదవ్వ పాట వినని వాడకట్టు ఆ చుట్టుపక్కల లేదు. తునికాకు కత్తిరిస్తూ ఆమె ఎత్తుకుంటే మిగతావాళ్ల చేతులు వాటంతటవే వేగం అందుకునేవట. నేను ఆ గొంతు వినలేదు. గళ్లకు చెవులుండవు. విమల చెప్పగా తెలుసు.

ఆ గొంతులోనే పుండు లేచింది. పట్నం దవాఖానలో డాక్టర్లు చూసి, గొంతుపెట్టె తీసేస్తేనే మనిషి దక్కుతుందన్నారు. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. బూదవ్వ ఏడవలేదట. తిరిగొచ్చి నేరుగా షాపుకు వచ్చి విమల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నా పాటలన్ని కొట్టు బిడ్డా. నేను చెప్త, నువ్వు కొట్టు."

"ఫోన్ల రికార్డు చేద్దాం పెద్దవ్వా, అల్కగ అయితది."

"వద్దు. ఈ గొగ్గిరి గొంతు ఎవలు వినద్దు. నేనెట్ల పాడిన్నో విన్నోళ్లకు ఎరుకే. విననోళ్లకు మాట చాలు."

అలా మొదలైంది. గిరాకీ లేని పగటి పూట బూదవ్వ ఒక్కో మాటా చెప్తుంటే విమల నాలో కొట్టింది. 'తునికాకు తడిపితి తూర్పు ఎండలా, తునిగిపోయె పొద్దు చాట అంచులా' అని మొదలయ్యే పాట మొదటిది. తర్వాత నాట్ల పాటలు, అత్త మీద ఎకసెక్కాలు, చంటిదాన్ని నిద్రపుచ్చే పాట, బిడ్డను అత్తారింటికి పంపేటప్పుడు తల్లి నవ్వుతూ పాడి లోపలికెళ్లి ఏడ్చే పాట. పాట పూర్తయ్యాక విమల 'సేవ్' నొక్కేది. 'భద్రమైంది' అని నేను పచ్చగా చెప్పేదాన్ని. పేజీలో మొదటి పాదం మాత్రమే కనబడేది. పేపర్ల వెబ్‌సైట్లలో కాస్త చూపించి తక్కినది దాచినట్టు ఇదీ అంతేనేమో అనుకుంది విమల. ముసలామె ఊపిరి తీసుకుంటూ ఎదురుచూస్తుంటే ఆగి చూసే తీరిక ఎక్కడిది?

ఆపరేషన్‌కు పోయేముందు బూదవ్వ అన్నది, "గొంతు పోతే పోనీ. పాటలున్నయి గద."

ఆపరేషన్ బాగా జరిగింది. మనిషి దక్కింది. లేచి కూర్చోగానే బూదవ్వ చేతికి పలక ఇచ్చారు. రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు ఆమెకు అప్పుడు అక్కరకొచ్చాయి. మొదట రాసిన మాట, 'పాటలు చూపియ్యి.'

విమల ఫోన్‌లో పేజీ తెరిచింది. ఒక పాదం. మరో పాట తెరిచింది. ఒక పాదం. ఇంకోటి, ఇంకోటి. వార్డు బయటికి వచ్చి నన్ను పిలిచింది. నేను పేజీలోంచి తెచ్చి పెట్టగలిగింది ఆ ఒక్క పాదమే. మళ్లీ సేవ్ నొక్కితే బాగవుతుందేమోనని అన్ని పాటలనూ తెరిచి సేవ్ చేసింది. పాడైన యంత్రాన్ని మనుషులు రెండు చరుపులు చరుస్తారు చూడండి, అలాగ. ఆ చరుపుతో, అప్పటిదాకా పేజీ లోపల ఎక్కడో నక్కి ఉన్న మిగతా పాదాలు కూడా చెరిగిపోయాయి.

లోపలికెళ్లి, "నెట్ వస్తలేదు పెద్దవ్వా, ఇంటికి పోయినంక చూద్దాం," అన్నది. బూదవ్వ పలక తుడిచి పక్కన పెట్టింది.

సాయంత్రం నజీర్ సార్‌కు ఫోన్ చేసింది విమల. ఆయన తన కంప్యూటర్‌లో నన్ను తెరిచి, ఏదో ఉత్తుత్తి పాట నాలుగు పాదాలు రాసి సేవ్ చేశాడు. చక్కగా నాలుగూ వచ్చాయి. పేజీని తాజా చేసి చూశాడు. వేరే ఫోన్‌లో చూశాడు. నా గళ్ల పేర్లు, పేజీ లోపలి పేర్లు కలిశాయో లేదో సరిచూశాడు. అన్నీ కలిశాయి.

"నా దగ్గర మంచిగనే పనిచేస్తుంది విమలా. నువ్వు కొట్టింది మొదటి లైను తర్వాత రాలేదు. నెట్ పోయి ఉంటది."

"అన్ని పాటలకూ మొదటి లైన్ కాడనే పోయిందా సార్ నెట్?"

'నా దగ్గర పనిచేస్తుంది' అనే మాట కంప్యూటర్లు చేసేవాళ్లందరికీ తారకమంత్రం. దాంతో వాళ్ల మనసు కుదుటపడుతుంది, ఎదుటివాళ్ల పని మాత్రం కాదు.

"ఆమె ఇగ మల్ల చెప్పలేదు సార్," అన్నది విమల.

నజీర్ సార్ "రేపు షాపుకు వస్త. నా ముంగట కొట్టు. నువ్వెట్ల కొడుతవో అట్లనే," అన్నాడు.

వచ్చాడు. విమల పక్కన, బూదవ్వ కూర్చున్న స్టూలు మీదే కూర్చున్నాడు. విమల తనకు నోటికి వచ్చిన పాట ఒకటి ఎత్తుకుంది. ఒక పాదం కొట్టింది. చివర ఆమె వేలు అలవాటుగా కీబోర్డు కుడిచివరికి పోయి ఒక మీట నొక్కి వచ్చింది. తెర మీద నిలువు గీత పడింది.

"ఆగు. ఆ గీత ఏంది?"

"పాదం అయిపోయినట్టు సార్. శుభలేఖల శ్లోకాలకు గిట్లనే పెడుతం. లేకుంటే పెద్దమనుషులు ఒప్పుకోరు."

నజీర్ సార్ నుదురు కొట్టుకుని, వెంటనే నవ్వేశాడు. "నీకది పాదం ముగింపు. ఈ వికీకి అది గోడ! ఒక గడికీ ఇంకో గడికీ నడుమ పెట్టే గోడ. మొదటి గీత కాడ పాట అయిపోయిందనుకుంది. తక్కినయన్ని పేరులేని గళ్లని పక్కకు నూకింది. నేను రాసినప్పుడు గీతలు పెట్టలే, అందుకే నాకు దొరకలే."

ఆ సంగతి నా ఒంట్లోనే జరుగుతున్నా నాకూ తెలియదు. నాకు అక్షరాలెంతో గీతలూ అంతే. ఇచ్చింది ఇచ్చినట్టు మోసుకెళ్లాను.

"అయితే పోయినట్టేనా సార్?"

"వికీల రాసింది పోదు." ఆయన పేజీ పైనున్న 'చరిత్ర' నొక్కాడు. పేజీని ఎవరు ఎప్పుడు మార్చినా పాత రూపం అక్కడ ఒకటి దాగి ఉంటుంది. విమల మొదటిసారి సేవ్ చేసిన రూపం తెరిచాడు. మీసాల బ్రాకెట్ల మధ్య, గీత గీతకూ విడివడి, తునికాకు పాట మొత్తం ఉంది. చంటిదాని పాట ఉంది. నవ్వుతూ ఏడ్చే తల్లి పాట ఉంది. విమల కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "నడువుండ్రి సార్, ఎక్కిద్దాం," అన్నది. ఇద్దరూ కూర్చుని పాత రూపాల్లోంచి పాటలను ఒక్కొక్కటే తీసి, గీతలు తొలగించి, ప్రతి పాదాన్నీ కొత్త వరుసలో పెట్టారు. ఆ తర్వాత నజీర్ సార్ నాకు ఒక కొత్త గుణం నేర్పాడు. ఇప్పుడు ఎవరు నిలువు గీత పెట్టినా, దాన్ని గోడగా నిలబడనివ్వకుండా, ఒట్టి గీతగానే పేజీకి అప్పగిస్తాను.

బూదవ్వ ఇంటికి వచ్చింది. విమల టాబ్లెట్ తెచ్చి ఒళ్లో పెట్టింది. బూదవ్వ కళ్లద్దాలు సవరించుకుని వేలితో ఒక్కో పాదం కింద గీస్తూ చదివింది. మూడో పాట దగ్గర ఆగి, పలక అందుకుని రాసింది: 'చెల్లె గాదు. వదినె.'

విమల నవ్వి నన్ను తెరిచి దిద్దింది. బూదవ్వ ఇంకో తప్పు పట్టింది. ఇంకోటి. గదిలో బీడీల చాటలు ముందేసుకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి జరిగి, చదువుతూ గొంతు కలిపారు. రాగం తప్పితే బూదవ్వ అరచేత్తో నేల మీద చరిచేది. మళ్లీ ఎత్తుకునేవాళ్లు.

కొన్నాళ్లకు నన్నొక కొత్త వేలు తాకింది. మీట మీట మధ్య ఎంతో ఆలోచన, ఒక్కో గుణింతం దగ్గర తడబాటు. పాట గడిలో మెల్లగా అక్షరాలు పడ్డాయి:

పిట్ట ఎగిరిపోతే కొమ్మ ఊకుంటదా
గాలికైన ఊగుతది, ఆకులాడుతయి

నా దగ్గర ఇంతవరకు లేని పాట. ఏ నాట్లలోనూ పాడని పాట. పాట గడి కింద నాకు 'పాడినవారు' అనే గడి ఒకటుంది. ఖాళీగా వదిలితే సేవ్ కానివ్వను. నజీర్ సార్ పెట్టిన నియమం అది. ఆ వేలు అక్కడ చాలాసేపు ఆగింది. నేనూ ఆగాను.

చివరకు బూదవ్వ రాసింది: 'ఇంకెవలన్న పాడున్రి.'

గడి నిండింది. భద్రపరిచాను.