కావిగుడ్డలో గంటనాలుక

హేమంతఋతువు నడుమ ధనుర్మాసపు వేకువజామున నాగావళీనదీతీరమునందలి ఆ చిన్నపట్టణము తెల్లని మంచుదుప్పటిలో ముడుచుకొని మేలుకొనియు మేలుకొననట్లుండెను. నదీజలములనుండి పొరలుపొరలుగా లేచి వచ్చు ఆ పొగమంచు పెంకుటిండ్ల చూరులపై నిలిచి బిందువులై జాఱి అప్పుడే వాకిళ్లలో తీర్చిన ముగ్గుల అంచులను మెల్లమెల్లగా చెఱపుచుండెను. పెరళ్లలో చిక్కుడుపాదుల యూదాపూవులు చలికి తలలు వంచియుండెను. పొయ్యిలనుండి వెడలు పొగ పైకి పోవ దారి తోపక మంచుతో గలిసి వీధులలోనే తారాడుచుండెను. ప్రతిదినమును ఆ వేళకు పట్టణపు పడమటికొసనున్న క్రైస్తవప్రార్థనామందిరపు గోపురమునుండి వెలువడి నది యావలియొడ్డును తాకి మరలి వచ్చుచుండిన కంచుగంటయొక్క గంభీరనాదము మాత్రము ఆ యుదయమున వినబడలేదు.

స్నానార్థమై నదికి పోవుచున్న తటవర్తి సాంబమూర్తిగారు ఆ లోటును గమనించి నడివీధిలో ఒక క్షణము నిలిచిరి. ఆయన గొప్ప చదువు చదివినవారు కారు. లోయరుసెకండరీ పరీక్షతో బడి మానుకొని తండ్రి విడిచిపోయిన కొలదిపాటి మాగాణిని చూచుకొనుచు సంధ్యావందనాదులను తప్పక నడుపుకొనుచు ఒకరి జోలికి పోక కాలము గడపుచున్న గృహస్థు. ఆయన మాటయందు నలుగురికిని గుఱి యుండుటచేత దొరతనమువారు ఆయనను ఆ పట్టణపు బెంచికోర్టున అధ్యక్షునిగా కూర్చుండబెట్టిరి. చిల్లరనేరములను విచారించి తీర్పు చెప్పుట ఆ కోర్టు పని. దేనిని చూచినను ఇది యేల యిట్లున్నదని తనలో తాను ప్రశ్నించుకొనుట ఆయనకు పుట్టుకతో వచ్చిన స్వభావము. కావున మోకాలిలోతు చన్నీటిలో వణకుచు మంత్రము చెప్పుకొనుచున్నప్పుడు సహితము గంట యేల మ్రోగలేదో యను ప్రశ్న ఆయన మనస్సునుండి తొలగలేదు.

ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము ఆ మధ్యాహ్నమే పోలీసుజవాను వెంట బెంచికోర్టునకు నడచి వచ్చెను. అది శరభయ్య యను పదునాలుగేండ్ల జంగమబాలుడు. నుదుట విభూతిరేఖలును మెడలో వెండికాయలోని యిష్టలింగమును ధరించి బక్కపలుచనై యున్న ఆ బాలుడు ముందునాటి సాయంకాలము గోపురమెక్కి గంటలోపల వ్రేలాడు ఇనుపనాలుకను దాని తోలుపట్టెడ కోసి దింపి రేవుపడవ యెక్కి నడియేటిలో విడిచిపెట్టెనని అభియోగము. పడవవాడు కన్నులార చూచినట్లు సాక్ష్యము చెప్పెను. బాలుడు దేనిని కాదనలేదు. ఏల చేసితివని ముమ్మాఱు అడిగినను నోరు మెదపలేదు.

బాలురను జైలునకు పంపుట మేలు కాదని బెత్తపుదెబ్బలు కొట్టించి విడుచుట ఆ కాలపు వాడుక. బెంచిగుమాస్తా మండా నరసింగరావు అడుగకముందే బెత్తమును తెచ్చి బల్లమీద నుంచెను. దానిని చూడగానే సాంబమూర్తిగారికి గడచిన వేసవిలో మామిడికాయలు దొంగిలించి అదే బెత్తముచే దెబ్బలు తిన్న మఱియొక బాలుడు జ్ఞాపకమునకు వచ్చెను. వాడు దెబ్బలు తిన్న పిమ్మట దొంగిలించు తోటను మార్చెనే కాని బుద్ధిని మార్చుకొనలేదు. వీపునకు చెప్పిన పాఠము తలకు ఎక్కదు కాబోలునని తలచి ఆయన తక్కిన సభ్యులతో కొంతసేపు రహస్యముగా మాటాడి యిట్లు ఉత్తరువు చదివెను.

"ఈ బాలుడు గంట నోరు మూయించినాడు గనుక క్రొత్తనాలుక చెన్నపట్టణమునుండి వచ్చువఱకు తానే గంటకు నాలుక కావలయును. వచ్చు ఆదివారము మొదలు ప్రతియుదయమును గోపురమెక్కి కొయ్యసుత్తితో గంటను మ్రోగించవలయును. తప్పినయెడల బెత్తపుదెబ్బలు తినవలయును."

కోర్టులో కూడినవారు ఔరా యని మెచ్చుకొనిరి. గుమాస్తా మాత్రము కలము చెవిలో దోపుకొని "చిత్తము. కాని యిట్టి శిక్షకు ఏ సెక్షను వ్రాసికొందునో సెలవిండు" అని తల గోకుకొనెను.

ఆనాటి సాయంకాలము ఆయన తన తీర్పును ఇల్లాలికి సంతోషముతో వినిపించెను. కామేశ్వరమ్మగారు చిక్కుడుకాయలు ఒలుచుకొనుచు అంతయు విని ఇట్లనిరి.

"బాగానే ఉందండీ. కాని నాకొకటి బోధపడదు. దేవుణ్ణి పిలిచే పని శిక్ష ఎలా అవుతుందీ? రేపు ఇంకో కుర్రాడు తప్పు చేస్తే మన రాముడి గుళ్లో హారతి పట్టమని వేస్తారా?"

"గంట కంచుది. సుత్తి కొయ్యది. ఇందులో దేవుడెక్కడున్నాడే?" అని ఆయన నవ్వెను.

ఆయన అట్లనుటలో వింత లేదు. దేవాలయమునకు పోవు ప్రతివాడును ద్వారమున వ్రేలాడు గంటను ఒకమాఱు తట్టి లోపలికి పోవును. చంకబిడ్డ యేడ్చినను ఎత్తిపట్టి వానిచేత ఆ గంటనే కొట్టించి ఓదార్తురు. ఇట్లు గంటను గడపవలెను గడియవలెను చూచుచు పెరిగినవానికి అది మఱియొకనికి మఱియొక వస్తువు కావచ్చునన్న తలంపు ఎక్కడనుండి వచ్చును?

ఆ తలంపు ఊతకఱ్ఱ పొడుచుకొనుచు తానే వచ్చి అరుగు క్రింద నిలిచెను. వచ్చినవాడు శరభయ్య తాత చెన్నమల్లయ్య. కావివస్త్రము కట్టి భుజమున శంఖమును చేగంటను తగిలించుకొని యున్న ఆ వృద్ధజంగముని వెనుక బాలుడు తల వంచుకొని నిలువబడియుండెను.

"బాబూ, మా గుంటడు తప్పు సేసినాడు. ఆడిని కొట్టించండి" అనెను చెన్నమల్లయ్య.

"కొట్టించడానికి మనసొప్పకనే కదయ్యా ఆ శిక్ష వేశాను" అని సాంబమూర్తిగారు ఆశ్చర్యపడెను.

"మీది మంచి మనసే బాబూ. కాదన్ను. కానండీ, మీరు గంట కొట్టి లోపలికెళ్లి పూజ సేత్తారు. మాకు గంట కొట్టడమే పూజ. ఈ సేత్తో గంట కొట్టి శివుణ్ణి పిలిసి బతుకుతున్నాం, మా తాతల్నాటి నుంచీ. ఆ సేత్తోనే ఇంకో దేవుణ్ణి పిలవమంటే, పిలవకపోతే బెత్తమంటే, ఆడు ఏటి సేత్తాడు? భయానికి పిలిత్తే ఆ దేవుడు మాత్రం ఏటనుకుంటాడు? ఈపు మీద దెబ్బ నాలుగు రోజుల్లో మానిపోద్ది బాబూ. ఇది మానదు."

అంతలోనే వీధిలో మఱియొక మనుష్యుని అలికిడి యయ్యెను. ప్రార్థనామందిరపు తెలుగుపాదిరి పులిపాక దేవసహాయముగారు గొడుగు ముడిచి చేతపట్టుకొని అరుగెక్కిరి. జంగమును చూచి ఆయన కొంచెము తడబడెను. పిమ్మట మెల్లగా తాను వచ్చిన పని చెప్పెను.

"కోర్టులో మీ ఉత్తర్వు విని సంతోషించానండి. ఇంటికి పోతూ ఆలోచిస్తే మాత్రం కాళ్లు ఇటు తిరిగాయి. ఆ గంట విని మావాళ్లు మోకరిస్తారు. బెత్తానికి జడిసి ఒక పిల్లవాడు కొట్టిన గంటకు మోకరించమని నేనెలా చెప్పను? మా సంఘంలో సగంమంది ఒకప్పుడు ఒకరి బలవంతానికి తలొంచి బతికినవాళ్లే. వాడంతట వాడు వచ్చి కొడితే అది వేరే మాట."

సొత్తు పోగొట్టుకొన్నవాడును ఆ సొత్తును పోగొట్టినవాని పెద్దయు ఎన్నడును ఒక పీఠమున కూర్చుండి యెఱుగని వారయ్యు ఒక్కమాటయే పలుకుచుండుట సాంబమూర్తిగారికి మిక్కిలి వింతగా తోచెను. ఇరువురకును మేలు చేసితినని తాను తలంచిన తీర్పు ఇరువురకును ముల్లయ్యెను. ఎవ్వరి దైవమునైనను పిలుచుట పుణ్యకార్యమే కదా! పుణ్యము బలవంతము చేతిలో పడినప్పుడు ఏమగును? ఈ ప్రశ్న తనకు స్నానఘట్టమున గాని న్యాయపీఠమున గాని తోపకపోవుటకు కారణమేమి? అంతలో ఆయనకు మఱియొక సంగతి స్ఫురించెను. ఈ వ్యవహారమున అందఱును మాటాడిరి కాని ఆ బాలుని మాట ఎవ్వరును వినలేదు. కోర్టులో అడిగినది నేరము పేర అడిగినదే కాని మనుష్యుడు మనుష్యుని అడిగినట్లు కాదు.

"ఒరే శరభయ్యా, ఇది కోర్టు కాదు. మా అరుగు. ఆ నాలుక నీకేం చేసిందిరా?" అని ఆయన మెల్లగా అడిగెను.

బాలుడు ఆయనవంక చూడలేదు. గుమ్మమున నిలిచి వినుచున్న కామేశ్వరమ్మగారివంక కన్నులెత్తి చూచెను.

"అమ్మా, ఈ నెల్లో మా తాత గంట మీకు ఇనబడిందా?"

"ఎక్కడరా! ఈ ఏడు మీ తాత మా వీధికే రాలేదు కదా. ఒంట్లో బాగులేదేమో అనుకున్నాను. రోజూ చేటలో బియ్యం పోసి పెడుతూనే ఉన్నాను."

"నిన్నటిదాకా రోజూ వచ్చినాడమ్మా. నే సేసింది తెలిసి ఇయ్యాల మాత్రం గడప దాటలేదు. ఎనకాల నేనూ ఉన్నాను."

"నోరుముయ్యరా గుంటడా!" అని తాత గద్దించెను. కాని మాట అప్పటికే బయటపడెను.

ధనుర్మాసమున తెల్లవాఱకముందు శంఖమూదుచు చేగంట వాయించుచు గడపగడపకును పోయి భిక్ష గొనుట జంగముల ధర్మము. ఆ ధర్మమునకు ఒక కట్టడి కలదు. నోరు తెఱచి అడుగరాదు. పలుకకుండిన గడపకు ఆనాడు మరల రారాదు. గంటయే పిలుపు గంటయే సెలవు. ఆ సంవత్సరమే క్రొత్తగా వచ్చిన మందిరపు పెద్దగంట సరిగా ఆ వేళకే మ్రోగుచుండుటచేత వృద్ధుని శంఖమును చేగంటయు ఆ మహానాదమున మునిగిపోయెను. వంటయిండ్లలో నున్న గృహిణులు వినలేదు. అతడు నోరు తెఱచి పిలువలేదు. వట్టిజోలెతో మరలి వచ్చు తాతను చూచి మనుమడు సహింపలేకపోయెను.

"నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు" అని దేవసహాయముగారు కళవళపడెను.

"సెప్పడానికేటుంది బాబూ? మీ దేవుణ్ణి మీరు పిలుసుకుంటన్నారు. వద్దనడానికి మేమెవరం?" అనెను చెన్నమల్లయ్య.

కామేశ్వరమ్మగారు లోపలికి పోయి చేటెడు బియ్యము తెచ్చిరి. వృద్ధుడు తల యడ్డముగా నూపి అది వేళ కాదని సవినయముగా చెప్పెను. ఆమె ఆ చేటను అట్లే గడపప్రక్కన దించి పెట్టిరి.

మఱునాడు బెంచికోర్టున సాంబమూర్తిగారు తన ఉత్తరువును తానే కొట్టివేసి యిట్లు చెప్పెను. "నాలుకను పోగొట్టినవాడు నాలుకను చేయవలయును. కమ్మరి గవరయ్య కొలిమిలో క్రొత్తనాలుక తయారగువఱకు ఈ బాలుడు తిత్తులూది సమ్మెట పట్టి పని చేసి దానిని తన చేతులతో యథాస్థానమున తగిలింపవలయును. మ్రోగించుట మాత్రము మ్రోగింపగోరువారి పని. అది ఈ కోర్టు చేతిలోనిది కాదు."

"మందిరమువారిని గంటవేళ మార్చుకొనుడని గూడ వ్రాయుదునా?" అని నరసింగరావు ఉత్సాహముతో అడిగెను.

"వద్దు. నిన్న ఒకరి పూజలో చేయి పెట్టి కాల్చుకొంటిని. నేడు మఱియొకరి పూజలో పెట్టను."

"పోనిండు. దీనికైన సెక్షను కలదా?"

"నిన్నటిదానికి ఎక్కడ వెదకితివో అక్కడనే వెదకుము."

శరభయ్య కొలిమికి పోవుచుండెను. గవరయ్య నోటిదురుసు మనుష్యుడు. మసిగొట్టుకొని తిత్తులూదుచున్న బాలుని చూచి దారిని పోవువారు వినునట్లు "ఏరా, ఇది కూడా ఏట్లో పడేత్తావా? పడేసీముందు ఓపాలి సెప్పు, మొయ్యలేవు, బరువు తగ్గించి సేత్తాను" అని వేళాకోళమాడుచుండెను. మొదట ముఖము ముడుచుకొన్న బాలుడు క్రమముగా నవ్వ నేర్చెను. సాంబమూర్తిగారు ఏదో యొక నెపమున ఆ వీధినే పోవుచు ఎఱ్ఱని యినుమునకు రూపము కలుగుచుండుట చూచుచుండిరి. ఈ కుఱ్ఱవాని మనస్సున ఏమి రూపొందుచున్నదో యని ఆయనకు తెలిసికొనవలెనని యుండెను. కాని అడుగలేదు.

నాలుక సిద్ధమైన నాడు పట్టణమున సగము మంది మందిరపు ప్రాంగణమున మూగిరి. బాలుడు భుజమున ఒక మూట నెత్తుకొని వచ్చెను. అందఱును చూచుచుండగా ఆ మూట యేమో తెలిసెను. ఇనుపనాలుకకు మొదటినుండి కొనవఱకు తాతయొక్క కావిగుడ్డ వరుసలువరుసలుగా చుట్టబడియుండెను. తన చేతినుండి పొరపాటున గూడ ఆ గంట పలుకకుండుటకు అది బాలుడు చేసికొన్న ఉపాయము. అతడు ఆ బరువుతో నిచ్చెన యెక్కి తోలుపట్టెడ బిగించి కట్టెను. గంట ఇటునటు ఊగెను. కావిగుడ్డ కంచును మెత్తగా ఒరసికొనెను. శబ్దము రాలేదు.

బాలుడు దిగిన పిమ్మట దేవసహాయముగారు తామే నిచ్చెన యెక్కి ఆ గుడ్డను విప్పి మడతలు పెట్టి క్రిందికి తెచ్చి రెండుచేతులతోను చెన్నమల్లయ్యకు అందించెను.

"రేపటినుంచి ఈ నెలంతా మీ శంఖం ఊరు దాటాకే మా గంట కొడతాం. సంఘపెద్దలు ఒకరిద్దరు గొణిగారు. అయినా ఒప్పుకున్నారు."

వృద్ధుడు సందేహముతో సాంబమూర్తిగారివంక తిరిగి "కోర్టు ఉత్తర్వా బాబూ?" అని అడిగెను.

"కాదయ్యా" అని పాదిరిగారే నవ్వుచు చెప్పెను. "ఉత్తర్వైతే మావాళ్లు ఒప్పుకునేవారు కాదు."

మఱునాటి వేకువను మంచు ఎప్పటివలెనే దట్టముగా పట్టియుండెను. కామేశ్వరమ్మగారు చేట చేతబట్టుకొని శంఖము వినబడకముందే గడపయొద్ద నిలిచియుండిరి. శంఖనాదము వీధిమొగమున పుట్టి చేగంట చిఱుసవ్వడితో గుమ్మమునకు వచ్చెను. బియ్యము జోలెలో జలజల రాలెను. తాత వెనుక నడచు శరభయ్య మాత్రము ఒకమాఱు వెనుదిరిగి చూచి మంచులో కలిసిపోయెను.

సాంబమూర్తిగారు నదికి పోయి మోకాలిలోతు నీటిలో నిలిచిరి. దూరమున చేగంట సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోయిన తరువాత పడమటిగోపురమున పెద్దగంట మేలుకొని నది యావలియొడ్డును తాకి మరలి వచ్చెను. ఆ నాదమును వినుచు అర్ఘ్యమునకై దోసిలి నింపుకొన్న ఆయనకు ఒక చిన్న ప్రశ్న తోచెను. ఇంత చలిలో తన్ను ఈ నీటికి పంపినదెవ్వరు? ఆయన కొంతసేపు నిజముగా ఆలోచించెను. ఎవ్వరును పంపలేదు. వ్రేళ్ల సందులనుండి జాఱిపోగా మిగిలిన ఆ జలమును ఆయన తూర్పుదెసకు మెల్లగా విడిచెను.