సజ్జా అవతల గోషెను

కరోనా తొలి వేసవిలో బర్ దుబాయ్ మూతపడింది. సుబ్బాయమ్మ వంట చేసే ఇంటివాళ్లు ఇక పనికి రావద్దన్నారు. వేరే ఇంట్లో వంట చేసే విజయదుర్గకీ అదే మాట. ఇద్దరూ కలిసి ఉంటున్న గది ఖాళీ చెయ్యమని వాచ్‌మన్ రోజూ తలుపు కొడుతున్నాడు. అప్పుడు ఇమామ్ హుస్సేన్ ఫోన్ చేశాడు. కడప మనిషి. సజ్జా అనే ఊరి అవతల ఎడారిలో ఒక అరబ్బు ముసలావిడ గొర్రెల్ని కాస్తాడు, ఇదివరకు వీళ్ల వీధిలో పాలు పోసేవాడు.

"ఈడ గడ్డి ఉండాది, నీళ్లుండాయి అక్కా. నాతో చేసేటోడు ఊరికి పోయి ఆడనే చిక్కుకున్యాడు. గొర్రెలు ఈనే కాలం. మీరిద్దరూ రాండి" అన్నాడు.

ముసలావిడ కొడుకు పర్మిట్ తీసి బండి పంపించాడు. ఇసక మధ్యలో బోరునీళ్లకి పెరిగిన పచ్చగడ్డి మడులు చూసి సుబ్బాయమ్మ గుండె నిండిపోయింది. కరువులో యోసేపు తన తండ్రినీ అన్నదమ్ముల్నీ మందలతో సహా పిలిపించి ఉంచిన పచ్చిక దేశం గోషెను. చర్చిలో ఆ కథ విన్నప్పుడల్లా ఆమె ఇలాంటి చోటునే ఊహించుకునేది. ఆ మాటే అంటే, యూసుఫ్ నబీ కథ తమ ఇంట్లోనూ చెప్పుకుంటారని ఇమామ్ హుస్సేన్ నవ్వాడు.

ముసలావిడ నవ్వలేదు. వంటమనుషులకి గొర్రెల సంగతి ఏం తెలుసు, కొన్నాళ్లు చూసి చెబుతానంది.

ఆ వారంలోనే ఒక పొద్దున మందలోకెల్లా పెద్ద గొర్రె నొప్పులతో కూలబడింది. కడుపులో పిల్ల కాలు వెనక్కి మడతపడింది. ఇమామ్ హుస్సేన్ చెయ్యి పెద్దది, లోపలికి పోలేదు. డాక్టరు రాలేనన్నాడు. సుబ్బాయమ్మ గాజులు తీసేసి మోచేతిదాకా నూనె రాసుకుంది. చిన్నప్పుడు గోదావరి లంకలో నాన్న మేకలకి ఇలా పురుడు పోస్తుంటే చూసింది గానీ తను చేసింది లేదు.

"తల గట్టిగా పట్టుకోవే, కదలనివ్వకు" అంది విజయదుర్గతో.

కాలు మెల్లగా సరిచేసి, నొప్పి వచ్చినప్పుడల్లా లాగింది. పిల్ల జారిపడింది. ఊపిరి లేదు. మూతి తుడిచి, ఒళ్లంతా గోనెగుడ్డతో రుద్దుతూనే ఉంది. చివరికది తుమ్మింది. దాని వెనకే ఇంకోటి, తనంతట తానే వచ్చింది.

దొడ్డి గుమ్మంలో నిలబడి చూస్తున్న ముసలావిడ లోపలికొచ్చి, ఆ నెత్తుటి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"ఖలాస్. ఇంక వేరే మాట లేదు, ఇది మీ ఇల్లే" అంది అరబ్బీలో.

ఇమామ్ హుస్సేన్ తెలుగులో చెప్పబోయాడు. సుబ్బాయమ్మకి అప్పటికే అర్థమైంది.

ఆ ఈతల్లో ఒక్క పిల్ల కూడా పోలేదు. చలికాలానికి ఇద్దరి వీసాలూ ముసలావిడ ఇంటికి మారాయి. పాత ఇంటివాళ్లు మళ్లీ రమ్మని కబురు పెడితే సుబ్బాయమ్మ రానని చెప్పింది. తెల్లారి దొడ్డి తలుపు తీసి తను ముందు నడిస్తే మందంతా అరుచుకుంటూ వెనక బయల్దేరేది. అన్నిటికన్నా వెనక విజయదుర్గ, గొంతెత్తి పాడుకుంటూ.