హౌగన్ల ఇంటి చావుబీరు

పొద్దున్నే దుప్పటి మార్చి, భర్త ఆర్లిన్ పెదాలు తడిగుడ్డతో అద్ది, ఆర్డిస్ మళ్లీ గరాజులోకి వెళ్లింది. గ్యాసుపొయ్యి మీద పెద్ద స్టీలు గంగాళం మంగళవారం ఎక్కించింది. ఇవాళ గురువారం. బార్లీ నీళ్లలో జూనిపర్ చెట్టు రెమ్మలు మెత్తబడి తేలుతున్నాయి. ఫారన్‌హీట్ థర్మామీటరు ముల్లు నూట నలభై దగ్గరే ఉంది. మరగాలంటే రెండువందల పన్నెండు దాకా పోవాలి.

హౌగన్ల ఇంట్లో మనిషి పోకముందే బీరు కాస్తారు, సమాధి దగ్గర్నుంచి తిరిగి వచ్చినవాళ్లు తాగడానికి. అది పొంగు వచ్చేదాకా ఆ మనిషి ప్రాణం పోదు. విస్కాన్సిన్‌లో ఆ లోయంతా ఎరిగిన సంగతే. పాస్టరుగారు కూడా మరిగాక కబురు చెయ్యమని ఊరుకున్నారు. మామగారిది, అత్తగారిది ఆర్లినే కాచాడు, ఒక్కోటీ రెండు గంటల్లో. నలభై ఆరేళ్ల కాపురంలో ఆర్డిస్ ఆ పొయ్యి ముట్టుకున్నది లేదు.

పొయ్యి గొట్టంలో సాలెగూడు తీగతో లాగేసింది. గాలికి అడ్డంగా రేకులు పెట్టింది. మంచు పట్టిన సిలిండరును గోరువెచ్చని నీళ్ల తొట్టిలో దించింది. చివరికి సిలిండరే మార్చింది. మంట మాత్రం పొట్టిగానే ఉంది.

లోపల ఆర్లిన్ మూలిగాడు. కాన్సరు ఎముకల్లోకి దిగింది. ఇంతకు మించి మందు ఇవ్వకూడదంది నర్సు.

ఆడపడుచు వెర్నా గుమ్మంలో నిలబడింది. "ఈ లెక్కన మా తమ్ముడు ఈస్టరుకి కూడా ఇలాగే అరుస్తుంటాడు. వాణ్ణి అడగవేం?"

"ఆయన బీరు సంగతి ఆయన్నే ఎలా అడగను?"

"అడక్కుండా మూడు రోజులు ఏడిపించావుగా."

ఆర్డిస్ మనసులో ప్రభువు ప్రార్థన చెప్పుకుని మంచం పక్కన కూర్చుంది. మంట లేవడం లేదని చెప్పింది.

"సిలిండరు మీట ఎలా తిప్పుతున్నావ్?" అన్నాడు ఆర్లిన్ కళ్లు తెరవకుండా.

"ఎలా ఏముంది? తిప్పుతున్నాను."

"ఒక్క విసురుగా. పొయ్యి దగ్గర మీట ముందే తీసి."

"అవును."

"నువ్వు కారు తలుపైనా అలాగే వేస్తావు." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "గ్యాసు ఒక్కసారిగా దూకితే ఎక్కడో కారుతోందనుకుని రెగ్యులేటరు బిగుసుకుపోతుంది. అన్నీ కట్టెయ్. పైపు ఊడదీసి మళ్లీ తగిలించు. కాసేపు ఆగు. ముందు సిలిండరు, మెల్లిగా. పొయ్యి తర్వాత."

"ఆర్లిన్, నేను తిప్పకపోతే?"

"రేపూ ఇలాగే ఉంటుంది ఆర్డిస్. ఎల్లుండీ."

ఆమె అన్నీ కట్టేసింది. పైపు తీసి తగిలించింది. పది నిమిషాలు సిలిండరు మీట మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఆ తర్వాత వేలెడంత, మళ్లీ వేలెడంత తిప్పింది. పొయ్యి మీట తీసి అగ్గిపుల్ల చూపించింది. మంట రొద చేస్తూ గంగాళం అడుగంతా పరుచుకుంది.

నూట డెబ్భై. నూట తొంభై. వెర్నా మధ్య తలుపు బార్లా తీసి, వెళ్లి తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

రెండువందల పది దగ్గర ఆర్డిస్ చెయ్యి తనంతట తానే మీట మీదికి పోయింది. ఒక్క చుట్టు వెనక్కి తిప్పితే చాలు.

"వినపడుతోంది," అన్నాడు ఆర్లిన్ లోపలి నుంచి. "ఇప్పుడు సరిగ్గా ఉంది."

ఆమె చెయ్యి తీసేసింది.

నురగ అంచుదాకా లేచింది. చుక్క ఒలక్కుండా గరిటెతో తీస్తూ ఉండిపోయింది, వెర్నా వచ్చి భుజం తట్టేదాకా.